అరసవల్లిలో కొన్న పచ్చ లేజర్ పెన్నుకి

మహారాజశ్రీ పచ్చ లేజర్ పెన్ను గారికి,

శ్రీకాకుళం నుంచి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలెడదామంటే మా ఇంట్లో కుశలం లేదు. కారణం తమరే.

రథసప్తమికి అరసవల్లి వెళ్లి, సాక్షాత్తూ సూర్యనారాయణస్వామి దర్శనం చేసుకుని, బయట తోపుడుబండి మీద వెలుగు కొనుక్కొచ్చిన తెలివైనవాణ్ణి నేను. మనవడు పట్టుబట్టాడు మరి. గుంటడు రెండ్రోజులు ఆడి పారేశాడు. అక్కణ్ణుంచి నాకు దురద మొదలైంది.

కెంపు మీద పచ్చ కాంతి పడితే అందులోని క్రోమియం దాన్ని మింగి, 694 నానోమీటర్ల తరంగం పొడవు దగ్గర ఎర్రగా వెలుగుతుంది. ఎర్ర లేజర్ పెన్ను కొడితే పట్టించుకోదు. 30 ఏళ్లు ఫిజిక్స్ చెప్పినవాడికి ఇది తెలిస్తే చాలదా? చాల్లేదు. మా అత్తగారు పెళ్లిలో పెట్టిన కెంపుటుంగరం మీద తమరిని ప్రయోగించాను. ఉలుకూ పలుకూ లేదు. ఎదురింటి కోడలి ఉంగరం మాత్రం నిప్పుకణికలా మండింది.

"మాయమ్మ గాజుముక్క ఎట్టీసిందని వీధంతా సాటుతారేటి?" అంది మా ఆవిడ. ఆ పూట చారు కూడా లేదు.

ఫ్యాక్టరీలో చేసిన కెంపే ఇంకా బాగా వెలుగుతుందనీ, ఇనుము ఎక్కువున్న అసలు కెంపు సరిగా వెలగదనీ నాకు మర్నాడు గుర్తొచ్చింది. అప్పటికే మాటల్లేవు.

సరే, ఒకరి పుట్టుక తేల్చే తమరి పుట్టుకేమిటి? తమరి కడుపులో మొదట వెలిగేది 808 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ డయోడు. కంటికి కనబడదు. అది నియోడిమియం అనే లోహం కలిపిన వెనడేట్ స్ఫటికాన్ని లేపితే 1064 వస్తుంది. అదీ కనబడదు. అప్పుడు కెటిపి అనే ఇంకో స్ఫటికం రెండేసి ఫోటాన్లని, అంటే వెలుగు రేణువుల్ని, ఒక్కటి చేస్తే, తరంగం పొడవు సగమై 532, పచ్చ! చాకిరీ స్ఫటికాలది, పేరు తమరిది. చలికి ఆ 808 కాస్త పక్కకి జరిగితే నియోడిమియం మొహం తిప్పేసుకుంటుంది. మాఘమాసపు పొద్దుల్లో తమరు నీరసించేది అందుకే.

తరంగాన్ని సగం చేసే ఈ విద్యకి మూలం కూడా కెంపే. 1961లో అమెరికాలోని మిషిగన్‌లో ఫ్రాంకెన్ బృందం కెంపు లేజర్ వెలుగుని క్వార్ట్జ్ గుండా పంపి 694ని 347 చేసింది. రుజువుగా సైన్సు పత్రికకి పంపిన ఫొటోలో ఆ కొత్త చుక్కని, పత్రికవాళ్లు మరకనుకుని చెరిపేశారు. పాపం, ఫ్రాంకెన్ వాళ్లూ మా ఆవిడ లాంటి వాళ్లకి జవాబు చెప్పుకోవాల్సొచ్చిందేమో.

అసలు సంగతి ఇది. వచ్చిన ఇన్‌ఫ్రారెడ్ అంతా పచ్చగా మారదు. మిగిలిందాన్ని ఆపడానికి తమరి మూతి దగ్గర ఫిల్టరుండాలి. 2010లో అమెరికా ప్రమాణాల సంస్థవాళ్లు చెప్పిన చిట్కా ప్రకారం రంగుల్ని విడగొట్టే పాత సీడీ మీద తమరిని కొట్టి, ఇన్‌ఫ్రారెడ్‌ని పట్టే పాత ఫోన్ కెమెరాలో చూశాను. పచ్చచుక్కల పక్కన కంటికి ఆనని చుక్కలు! పచ్చ కంట్లో పడితే రెప్ప దానంతటదే వాలుతుంది. కనబడనిదానికి ఎలా వాలుతుంది? మా గుంటడు రెండ్రోజులు తమరితో ఆడాడు. అది తలచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

ఉంగరం మళ్లీ నా వేలికెక్కింది, చారు కంచంలోకొచ్చింది. తమరి బ్యాటరీలు తీసి టీవీ రిమోట్‌లో వేశాను. దానిదీ ఇన్‌ఫ్రారెడ్డే, కానీ ఏనాడూ నేను పచ్చనని చెప్పుకోలేదు.

ఇట్లు,
తమరి మాజీ యజమాని