పేరు కోసం ఎంత అప్పు?

టేబుల్ మీద రెండు అడ్మిషన్ లెటర్లున్నాయి. రెండూ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలవే. మొదటిదాని పేరు చెబితే చాలు, వినేవాళ్ల ముఖం వెలిగిపోతుంది. కానీ ఫీజు, హాస్టల్ కలిపి లెక్కేస్తే ఇంట్లో దాచుకున్న డబ్బు రెండో ఏడాదికే అయిపోతుంది. రెండోది రోజూ ఇంటి నుంచి వెళ్లి రాగల దూరంలో ఉంది. ఖర్చు మొదటిదాని ఖర్చులో మూడో వంతు. పేరు మాత్రం చుట్టుపక్కల ఊళ్లు దాటితే ఎవరికీ తెలియదు. తండ్రి కాగితం మీద కూడికలు వేసి, కొట్టేసి, మళ్లీ వేస్తున్నాడు. కూతురు కాసేపు ఆ కాగితం వైపు చూసి, 'దగ్గర్లో ఉన్నదే నాకూ ఇష్టం నాన్నా' అంది. నిజంగా ఇష్టమై అందో, తండ్రి కష్టం చూడలేక అందో ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ తేల్చుకోలేరు.

సీట్లు ఖరారు చేసుకునే రోజుల్లో ఇలాంటి చర్చ లక్షల ఇళ్లలో నడుస్తుంది. మా అభిప్రాయం ముందే చెబుతాం. అప్పు లేకుండా డిగ్రీ చేతికొచ్చే దారి ఉన్నప్పుడు, కేవలం పేరు చూసి అప్పులోకి దిగొద్దు. ఎక్కువ ఖర్చు పెట్టి వెళ్లాలంటే గట్టి కారణం ఉండాలి. ఆ కారణం విశ్వవిద్యాలయం బోర్డు మీద కాదు, మీరు చదవబోయే విభాగంలో కనిపించాలి.

అసలు ఈ పేరు దేనివల్ల వస్తుందో చూడాలి. ఇప్పుడు పేరంటే చాలామందికి ర్యాంకే. 2003లో షాంఘై జియావో టోంగ్ విశ్వవిద్యాలయం మొదలుపెట్టిన ప్రపంచ ర్యాంకింగ్‌నే తీసుకుందాం. అందులో పూర్వ విద్యార్థులు తెచ్చుకున్న నోబెల్ పురస్కారాలకు, గణితంలో ఇచ్చే ఫీల్డ్స్ పతకాలకు 10 శాతం, అధ్యాపకులు తెచ్చుకున్నవాటికి 20 శాతం వెయిటేజీ ఉంటుంది. 'నేచర్', 'సైన్స్' పత్రికల్లో వచ్చిన పరిశోధన పత్రాలకు మరో 20 శాతం. మిగిలిందీ దాదాపు పరిశోధన చుట్టూనే తిరుగుతుంది. మొదటి సంవత్సరం పిల్లలకు పాఠం ఎలా చెబుతున్నారన్న దానికి అందులో చోటే లేదు. క్యూఎస్ అనే మరో ప్రపంచ ర్యాంకింగ్‌లోనైతే చాలా ఏళ్లపాటు 40 శాతం మార్కులు ప్రొఫెసర్ల అభిప్రాయ సేకరణ మీదే ఆధారపడ్డాయి. ఇప్పుడది 30 శాతం. పేరును కొలిచి మళ్లీ పేరుగానే మనకు అందించడమిది.

ర్యాంకు కోసం విశ్వవిద్యాలయాలు ఇచ్చే అంకెలు కూడా ప్రతిసారీ నికార్సైనవని నమ్మలేం. 2022లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం ఇచ్చిన లెక్కల్లో తేడాలున్నాయని అక్కడి గణిత ప్రొఫెసరే బయటపెట్టారు. కొన్ని అంకెలు తప్పేనని సంస్థ ఒప్పుకుంది. అమెరికా విశ్వవిద్యాలయాలకు యూఎస్ న్యూస్ ఇచ్చే ర్యాంకుల్లో అది ఆ ఏడాది రెండో ర్యాంకు నుంచి 18వ ర్యాంకుకు పడింది. అక్కడి తరగతి గదులు, అధ్యాపకులు, లైబ్రరీ మాత్రం రాత్రికి రాత్రి మారిపోలేదు కదా!

అందుకే ర్యాంకు పట్టికను పక్కన పెట్టి, వీలైతే ఒకసారి ఆ విభాగానికి వెళ్లి రండి. ల్యాబ్ తలుపు తీసి చూడండి. ఒక్క మైక్రోస్కోపు చుట్టూ ఎనిమిది మంది నిలబడి, వెనక ఉన్నవాళ్లు ముందున్నవాళ్ల రికార్డు చూసి బొమ్మ దించుకుంటుంటే, గేటు మీద ఎంత గొప్ప పేరున్నా ఆ పిల్లలకు ఒరిగేది తక్కువ. పేరు లేని చోట ఒక్కో బల్ల దగ్గర ఇద్దరే ఉండి, తప్పు చేసినప్పుడు పక్కన నిలబడి సరిదిద్దే మేడం ఒకరుంటే అది పెద్ద అదృష్టం. మూడో సంవత్సరం సీనియర్లతో మాట్లాడండి. పాఠం చెప్పేది రెగ్యులర్ ఫ్యాకల్టీయా, గెస్ట్ లెక్చరర్లా? కోర్సు గడువులోపు ఎంతమంది పూర్తి చేస్తున్నారు? పోయినేడాది ఈ బ్రాంచ్ నుంచి బయటికెళ్లినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు? ఈ ప్రశ్నలకు బ్రోషర్ కంటే క్యాంటీన్‌లో కూర్చున్న పిల్లలే నిజాయతీగా జవాబు చెబుతారు.

ఖర్చు లెక్కలో పొరపాటు ఎక్కువగా మొదటి గీతలోనే జరుగుతుంది. చాలామంది మొదటి ఏడాది ఫీజును నాలుగుతో హెచ్చవేసి ఊరుకుంటారు. ఏటా పెరిగే ఫీజు, హాస్టల్, డిపాజిట్, ప్రయాణాలు, సబ్జెక్టులు మిగిలిపోతే పట్టే అదనపు ఏడాది ఆ లెక్కలోకి రావు. వడ్డీ సంగతి సరేసరి. 10 శాతం చక్రవడ్డీకి తెచ్చిన వంద నాలుగేళ్లలో 146 దాటుతుంది. ఉద్యోగం దొరికినా దొరకకపోయినా కంతు మాత్రం తప్పదు. ఇరవై రెండేళ్ల వయసులో ఆ భారం మోసేవాళ్లు నచ్చిన పని కోసం ఆగలేరు, పైచదువుకు వెళ్లలేరు, దొరికిందే చాలనుకుంటారు. డబ్బు లెక్కకు దొరకని ఈ నష్టమే మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతోంది.

ఫీజు ఎక్కువైతే చదువు గొప్పదన్న నమ్మకానికీ ఆధారం లేదు. 1386లో పుట్టిన హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం ప్రపంచ ప్రసిద్ధమే అయినా జర్మన్ విద్యార్థుల దగ్గర డిగ్రీకి ట్యూషన్ ఫీజు తీసుకోదు. ఇంగ్లండ్‌లో 2012లో ఫీజు పరిమితిని 9,000 పౌండ్లకు పెంచితే, పేరున్నవీ లేనివీ చాలా విశ్వవిద్యాలయాలు ఆ గరిష్ఠం దగ్గరికే చేరుకున్నాయి. అంతమాత్రాన వాటిలో బోధన ఒకే స్థాయికి రాలేదు.

మరి పేరు వల్ల జీతం పెరగదా? ఆర్థికవేత్తలు స్టేసీ డేల్, అలెన్ క్రూగర్ దీన్ని శ్రద్ధగా పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించారు. ఒకే స్థాయి కళాశాలలకు దరఖాస్తు చేసి, ఒకేలా సీట్లు తెచ్చుకున్న అమెరికా విద్యార్థులను వాళ్లు పోల్చారు. సగటున చూస్తే గట్టి పోటీ ఉన్న కళాశాలలో చేరినవాళ్లకు, తక్కువ పోటీ ఉన్నదాన్ని ఎంచుకున్నవాళ్లకు తర్వాతి సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే ముందుకు తీసుకెళ్లింది చాలావరకు ఆ పిల్లల సత్తాయే.

అయితే ఆ అధ్యయనంలోనే ఇంకో మాట కూడా ఉంది. దాన్ని దాటేయడం మాకు న్యాయంగా అనిపించదు. పేద కుటుంబాల పిల్లలకు మాత్రం ఎక్కువ పోటీ ఉన్న కళాశాల వల్ల సంపాదన పెరిగింది. ఇంట్లో దారి చూపేవాళ్లు లేని పిల్లలకు అక్కడి పరిచయాలు, పూర్వ విద్యార్థుల అండ తోడవుతాయి కాబట్టి ఇది అర్థం కాని విషయమేమీ కాదు. పేరు వల్ల ఎక్కువ మేలు పొందేది, ఆ పేరుకు వెల కట్టలేనివాళ్లే! కాబట్టి ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదవబోయే బిడ్డకు పేరున్న చోట సీటొచ్చి, ఖర్చులో పెద్ద భాగం స్కాలర్‌షిప్ భరిస్తుంటే, మిగిలిన కొద్దిపాటి అప్పుకు భయపడి వెనక్కి తగ్గొద్దని చెబుతాం. అలాగని పేరు లేని చోట ఎదుగుదల ఉండదని కాదు. ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 2017లో అమెరికా కళాశాలలను పరిశీలించినప్పుడు, పేదరికంలో పుట్టిన పిల్లలను పై ఆదాయ వర్గాల్లోకి చేర్చడంలో ముందు నిలిచింది లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ. అది ప్రభుత్వ సంస్థే. ప్రపంచ ర్యాంకుల్లో పైవరసలో కనబడేదీ కాదు.

ఈ బరువంతా కుటుంబాల నెత్తిన వేసి ఊరుకోవడం సరికాదు. ప్రజల పన్నులతో నడిచే సంస్థ కోర్సు మొత్తానికి ఎంతవుతుందో అడ్మిషన్ లెటర్‌లోనే ఒకే అంకెగా చెప్పాలి. విభాగాలవారీగా ఎంతమంది గడువులో పూర్తి చేశారో, ఎంతమందికి పని దొరికిందో ఏటా బయటపెట్టాలి. అన్నిటికంటే ముందు, స్కాలర్‌షిప్ వస్తుందో రాదో తేలకుండానే ఫీజు కట్టమనే పద్ధతి పోవాలి. ఇది చేయలేని పనేమీ కాదు. 2024లో అమెరికాలో ఆర్థిక సాయం దరఖాస్తుల ప్రక్రియ ఆలస్యమైనప్పుడు, చాలా విశ్వవిద్యాలయాలు సీటు ఖరారుకు ఏళ్లుగా పాటిస్తున్న మే 1 గడువును పొడిగించాయి. సాయం సంగతి తేలాకే సీటు ఖరారు చేసుకునే వెసులుబాటును ప్రతి ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఏటా ఇవ్వాలి.