సకర్ చేపను గెడ్డలో వదిలితే ఎవరికి పుణ్యం?

"ఇంట్లో అక్వేరియం: అయిదు రహస్యాలు" అన్న మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగుసార్లు వచ్చింది. ఒకసారి మా వీధి గ్రూపులో ఒడియాలో, మిగతావి చుట్టాల దగ్గర్నుంచి తెలుగులో. ఒడిశాలోని పర్లాకిమిడిలో పన్నెండేళ్లుగా చేపలు పెంచుతున్నాను కదా, అందరూ "ఇది నిజమేనా?" అని నన్నే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది.

తొట్టె ఈశాన్యంలో పెట్టాలట. పెట్టుకోండి. ఎండ నేరుగా పడకపోతే చాలు.

గోల్డ్ ఫిష్ గాజు గిన్నె ఎంతుంటే అంతే పెరుగుతుందట. తప్పు. సరిగ్గా పెంచితే జానెడు పెరిగి పదేళ్ల పైన బతికే చేప అది. గిన్నెలో ఎదుగుదల ఆగిందంటే ఆ నీళ్లలో అది కుంగిపోతోందని అర్థం. మీ దగ్గరున్నది 20 లీటర్ల తొట్టె అయితే ఒక్క ఫైటర్ చేప పెట్టండి, లేదంటే నాలుగైదు మగ గప్పీ చేపలు. ఆడవి కలిపారా, నెలనెలా పిల్లలే.

వారానికోసారి నీళ్లన్నీ పారబోసి గులకరాళ్లు తోమాలట. చేపలు విడిచే అమ్మోనియాను అరిగించే బాక్టీరియా ఆ రాళ్ల మీద, ఫిల్టర్ స్పాంజిలోనే ఉంటుంది. వాటిని కుళాయి కింద కడిగేస్తే ఆ నీళ్లలోని క్లోరిన్‌కి బాక్టీరియా చచ్చిపోతుంది, నాలుగు రోజులకి చేపలు తేలతాయి, అప్పుడు షాపువాడు జబ్బు చేపలిచ్చాడని తిట్టుకుంటారు. పావు వంతు నీళ్లు మారిస్తే చాలు, అవి కూడా క్లోరిన్ పోయేలా ముందురోజే పట్టి ఉంచినవి.

సకర్ చేపను వేస్తే తొట్టె అదే శుభ్రం చేస్తుందట. అది గాజు మీద నాచు గీకి తింటుంది, నిజమే. కానీ మిగతా చేపల మలాన్ని తినదు, పైగా అదే అందరికంటే ఎక్కువ వేస్తుంది.

ఇక చివరిది చదివితే నాకు ఒళ్లు మండింది. "సకర్ పెద్దదైతే చెరువులోనో గెడ్డలోనో వదిలేయండి, జీవదానం చేసిన పుణ్యం దక్కుతుంది, చెరువూ శుభ్రపడుతుంది." అయ్యా, అది దక్షిణ అమెరికా చేప. ఒళ్లంతా గట్టి పెంకులు, రెక్కలకి ముళ్లు, దాన్ని మింగడం మన నీళ్లలోని జీవులకి కష్టం. గుడ్లు పెట్టడానికి గట్లకి బొరియలు తవ్వుతుంది, మన చేపల మేత లాక్కుంటుంది, నీళ్లలో ప్రాణవాయువు తగ్గినా పైకొచ్చి గాలి మింగి బతికేస్తుంది. కోస్తాలో చేపల చెరువుల వాళ్లు దాన్ని దెయ్యం చేప అని ఊరికే అంటున్నారా? మా ఊళ్లో మహేంద్రతనయ నదిలో వదిలింది అక్కడే ఆగిపోదు, ఆ నీళ్లు వంశధారలో కలుస్తాయి, వంశధార కళింగపట్నం దాకా పోతుంది. దారి పొడవునా వలలు వేసి బతికేవాళ్లున్నారు. వల చిరిగిన మనిషికి ఈ పుణ్యంలో వాటా ఎంతో మెసేజ్ రాసినాయన చెబితే బాగుంటుంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. ఆ మెసేజ్‌లో కనిపించే జాలి అబద్ధం కాదు. వేలెడంత పిల్లను అమ్మేటప్పుడు ఇది అడుగు దాటి పెరుగుతుందని షాపులో ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు. ఇంట్లో తిరిగినంతసేపు మన వంకే చూసే ప్రాణాన్ని చెత్తలో పడేయడానికి ఎవరికి చేతులొస్తాయి?

కానీ గెడ్డలో మాత్రం వద్దు. కొన్నచోటే వెనక్కి తీసుకుంటారేమో అడగండి, పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకి ఇవ్వండి. మా ఇంట్లో నాలుగడుగుల ట్యాంకు ఒకటి ఖాళీగా ఉంది, ఒక సకర్‌కి చోటుంటుంది. మూత ఉన్న బకెట్‌లో సగం నీళ్లు పోసి తీసుకురండి, ఆదివారం ఇంట్లోనే ఉంటాను.