మంగళగిరి సొరంగం: తవ్విన రాయి ఎక్కడ పోశారు?

మంగళగిరి కొండ మీద పానకాల స్వామి గుడి వెనక, లక్ష్మీదేవి సన్నిధి దగ్గర ఒక బిలం ఉంది. అందులో దూరి నడిస్తే ఉండవల్లి గుహల దగ్గర తేలతామని, పూర్వం మునులు కృష్ణా స్నానానికి ఆ దారినే వెళ్లేవారని ఇక్కడివాళ్లు తరాలుగా చెప్పుకుంటారు. భక్తి సంగతి పక్కన పెట్టి, ఉలి పట్టినవాడి లెక్కలో చూద్దాం.

చేత్తో తొలిచిన పొడవాటి సొరంగానికి కొలతలతో సహా సాక్ష్యం గ్రీసులోని సామోస్ దీవిలో దొరుకుతుంది. ఇవాళ చేపల పడవలు ఆగే పైథాగొరియో రేవు వెనక కొండలో క్రీ.పూ. 6వ శతాబ్దంలో యూపలినోస్ అనే ఇంజనీరు ఆ ఊరికి మంచినీళ్ల కోసం దాన్ని తవ్వించాడు. పొడవు 1,036 మీటర్లు. ఎత్తు, వెడల్పు దాదాపు 1.8 మీటర్లు. రాయి సున్నపురాయి, పనిముట్లు సుత్తీ ఉలీ. రెండు వైపుల నుంచీ మొదలుపెట్టారు. ఉత్తరాన రాయి వదులై ఊట తగలడంతో దారి మళ్లించి, మళ్లీ గీతలోకి తెచ్చుకున్నారు. రెండు దారులూ కలవకుండా పక్కపక్కనే దాటిపోతే చేసిన పనంతా గంగపాలు. అందుకే చివర్లో కావాలనే ఒకదానికొకటి అడ్డం పడేలా తిప్పారు. నడిచే నేల సమమట్టం, నీటికేమో వాలు కావాలి. దాంతో పక్కనే వేరే కాలవ తవ్వి మట్టి గొట్టాలు పరిచారు. అది ఉత్తరాన 4 మీటర్ల లోతుంటే దక్షిణానికి వచ్చేసరికి 8 దాటుతుంది. గొట్టాల్లో మడ్డి పేరుకుంటే పైభాగం పగలగొట్టి తీసిన గుర్తులు కూడా మిగిలాయి.

ఈ పనికి పదేళ్లు పట్టిందనుకుంటే ఒక్కో వైపు ఏడాదికి 52 మీటర్లు, అంటే రోజుకు జానెడు కూడా కాదు. కూలీల్ని పెంచినా లాభం లేదు. రాతి ముందు ఇద్దరికే చోటు, మిగతావాళ్లు తట్టలు మోయాల్సిందే.

ఇక మన సంగతి. మంగళగిరి నుంచి ఉండవల్లికి నేరుగా గీత గీసినా దాదాపు 7 కిలోమీటర్లు. సామోస్ వేగంతో రెండు వైపులా తవ్వినా 67 ఏళ్లు. మనిషి పట్టేంత, మీటరు వెడల్పుతోనే తవ్వారనుకున్నా 12,600 ఘనపు మీటర్ల రాయి బయటికి రావాలి. ముప్ఫై కిలోల తట్టలైతే 11 లక్షల పైచిలుకు. పగిలిన రాయి ఒకటిన్నర రెట్లు ఉబ్బుతుంది కాబట్టి ఎకరం నేల మీద పోస్తే 15 అడుగుల గుట్ట. ఆ గుట్ట ఏదీ? మధ్యలో బావులు దించి తొందరగా ముగించారంటే, ఆ బావుల గోతులు పొలాల్లో కనపడాలి.

అసలు చిక్కు వేరే ఉంది. రెండు కొండల మధ్య ఉన్నది రాయి కాదు, నల్లరేగడి, ఒండ్రు. కొండవీటి వాగు పొంగితే మునిగే పల్లం అది. ఆ నీటిని కృష్ణలోకి తోడడానికి 2018లో ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కుల ఎత్తిపోతల పథకం కట్టాల్సి వచ్చింది. అలాంటి నేలలో గోడకట్టు లేని బిలం ఒక్క వానాకాలం కూడా నిలవదు. బిలం నిజమే కావచ్చు. అవతలి కొస మాత్రం అనుమానమే.

ఉండవల్లి నాలుగంతస్తుల గుహలు చేతిపనే కదా అంటారు. నిజమే, కానీ అది కొండ ముఖం మీద చేసిన పని. గాలీ వెలుతురూ ఎదురుగానే, రాతి పెచ్చు వాలున కిందికి దొర్లుతుంది. అయినా కింది అంతస్తు పూర్తికాలేదు. ఈసారి వెళ్తే మెట్లెక్కే ముందు అక్కడ కాసేపు ఆగండి, పని ఎక్కడ ఆగిపోయిందో స్తంభాల మీదే కనిపిస్తుంది.