టార్చిలైటు పడని చిగుళ్లు

నరసన్నపేట దగ్గర పల్లెలో ఉండే మా మేనత్తకు షుగర్ వచ్చి ఎనిమిదేళ్లు. నెలనెలా వేలు గుచ్చి చూస్తారు, బిళ్లలిస్తారు. ఆ కాగితాలన్నీ బిస్కెట్ల డబ్బాలో దాచుకుంది. మొన్న సంక్రాంతికి వెళ్తే, జంతిక కొరకలేక టీలో నానబెట్టుకుని తింటోంది. కింది పళ్లు రెండు వేలు తగిలితే చాలు, ఊగుతున్నాయి. అడిగితే ‘వయసైపోనాది, పళ్లు ఊడవేటి?’ అంది. ఇన్నేళ్లలో షుగర్ చూసినవాళ్లెవరూ ఆమెను నోరు తెరవమనలేదు.

షుగర్ తెచ్చిపెట్టే అనర్థాల్లో చిగుళ్ల జబ్బు ఆరోదని దంతవైద్య పరిశోధకులు 1993లోనే రాశారు. పైగా ఇది రెండువైపులా నడిచే వ్యవహారం. షుగర్ పెరిగితే చిగుళ్లు చెడతాయి, చిగుళ్ల వాపు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు. చిగుళ్లకు వైద్యం చేయిస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను శాతంలో చూపే రక్తపరీక్ష) సగటున 0.43 శాతం పాయింట్లు తగ్గిందని, ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన 2022 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. కొన్ని మందులు తగ్గించేది కూడా ఇంచుమించు ఇంతే.

ఇప్పుడు చర్చ కణం లోపలికి వెళ్లింది, ఈ రెండు జబ్బులూ డీఎన్‌ఏను కూడా దెబ్బతీస్తాయా అని. బుగ్గ లోపలి పొరను చెక్కపుల్లతో గీరి, గాజుపలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద వెయ్యికి తగ్గకుండా కణాలు లెక్కపెడతారు. దెబ్బతిన్న కణంలో అసలు కేంద్రకం పక్కన, ముద్ద పక్కన రాలిన మెతుకులా, ఇంకో చిన్న కేంద్రకం కనిపిస్తుంది. కణం విడిపోయేటప్పుడు బయట మిగిలిపోయిన క్రోమోజోమ్ ముక్క అది. వాచిన చిగుళ్లలో తెల్లకణాలు వదిలే ఆక్సిజన్ రసాయనాలు, రక్తంలో ఎక్కువైన చక్కెర, రెండూ డీఎన్‌ఏను దెబ్బతీయగలవు. రెండు జబ్బులూ ఉన్నవాళ్లలో ఈ మెతుకులు ఎక్కువని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. చిగుళ్ల జబ్బు ఉన్నా తేడా కనపడనివీ ఉన్నాయి.

మన శ్రీకాకుళం జిల్లాలో ఈ లెక్క ఇంకా చిక్కు. ఇక్కడ అడ్డపొగ అలవాటుంది, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం. ఆంధ్రలో ఈ అలవాటు మీద 10,169 మంది గ్రామీణుల అంగిళ్లు పరిశీలించిన అధ్యయనం 1971లోనే వచ్చింది. అలాంటి నోట్లో మెతుకు కనబడితే అది షుగర్ పనా, చిగుళ్ల పనా, చుట్ట పనా? పుల్లతో గీకినంత మాత్రాన తేలదు. రేపు ఏ ల్యాబో ‘జన్యు పరీక్ష ప్యాకేజీ’ అంటూ బోర్డు కడితే మాత్రం దండం పెట్టి వచ్చేయండి. జన్యు నష్టం అనగానే పిల్లలకూ వస్తుందేమోనని భయపడతారు. రాదు. ఆ బుగ్గ కణాలు కొన్ని వారాల్లో వాటంతటవే రాలిపోతాయి.

నాకు పట్టింది వేరే సంగతి. 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్‌తో పాటు నోటి క్యాన్సర్ కూడా చూడాలని అంటుకోని జబ్బుల జాతీయ కార్యక్రమమే చెబుతోంది. అంటే కాగితం మీద టార్చిలైటు నోట్లోకి ఎప్పుడో వెళ్లింది. బుగ్గ మీద తెల్లమచ్చ వెతికే ఆ వెలుగును కాస్త పక్కకు తిప్పితే గార, నెత్తురు, చీము కనబడవా? దానికి కొత్త మిషనక్కర్లేదు. షుగర్ కాగితంలో ‘చిగుళ్లు’ అని ఒక గడి, పళ్ల డాక్టరుకు పంపే చీటీ ఉంటే చాలు.

అత్తను పళ్ల డాక్టరు దగ్గరికి రమ్మన్నాను. ‘గార తీస్తే పళ్లు ఊడిపోతాయంట గదా’ అంది. చిగురు ఎప్పుడో వదిలేసిన పంటిని గార పట్టి ఉంచుతుంది, తీయగానే ఊపు బయటపడుతుంది, తప్పు గీకినవాడి మీద పడుతుంది. ఎంత చెప్పినా వినలేదు. ఉగాదికి ఫోన్ చేస్తే ఒక పన్ను అన్నంలో వచ్చేసిందంది. ఆ నెల షుగర్ కాగితంలో దాని ఊసే లేదు.