పొడపత్రి నమిలి చక్కెర తిని చూడండి

పొడపత్రి సారం వాడితే షుగర్ గోలీలతో పనే లేదన్నట్టు రాశారు ఈ వ్యాసంలో. మాది అచ్చంపేట, నల్లమల పక్కనే. ఆ ఆకు మాకు కొత్త కాదు. చిన్నప్పుడు పందెం కట్టేవాళ్లం: ఆకు బాగా నమిలి ఉమ్మేసి, చిటికెడు చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్టే! అరగంట దాకా తీపి తెలిసేది కాదు. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పట్టే చోట్లను అడ్డుకుంటాయి. చేదు, ఉప్పు మాత్రం మామూలుగానే తెలుస్తాయి.

అయితే ఈ జిమ్నెమిక్ ఆమ్లాలు ఒక్క పదార్థం కాదు, సపోనిన్ల (నీళ్లలో నురగనిచ్చే మొక్కల పదార్థాల) గుంపు. నేల, కాలం, ఎండబెట్టిన తీరు, నీళ్లలో మరిగించారా ఆల్కహాల్‌లో తీశారా అన్నదాన్ని బట్టి మోతాదు మారుతుంది. మీరు రాసిన ఫలితాలేమో ఎలుకల మీదివి.

మా అమ్మ ఎవరో చెప్పారని గోలీలతో పాటే రోజూ రెండు చెంచాల పొడి వేసుకుంది. నాలుగో రోజు పొద్దున ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. గ్లూకోమీటర్‌లో షుగర్ 58కి పడిపోయింది! బెల్లం నీళ్లు తాగించాక గానీ తేరుకోలేదు, మాకు ఒకటే టెన్షన్. అంటే ఆకుకు పని చేసే గుణం ఉన్నట్టే కదా. అందుకే గోలీలతో కలిపి వాడేవాళ్లు ముందు డాక్టర్‌కు చెప్పాలని ఒక్క లైనైనా రాయాల్సింది.