మెంటర్ తెర మీద, టేపు విద్యార్థి చేతిలో

రాజమండ్రిలోనో కరీంనగర్‌లోనో ఇంటీరియర్ డిజైన్ చదువుతున్నవాళ్లకు అనుభవమున్న డిజైనర్ పక్కన కూర్చుని పని నేర్చుకునే అవకాశం అంత సులువుగా దొరకదు. ఆ కొరతను వీడియో కాల్ చాలావరకు తీర్చగలదు. అయితే ఆన్‌లైన్ మెంటరింగ్ తరచూ త్రీడీ బొమ్మ చుట్టూనే తిరుగుతోంది. విద్యార్థి స్కెచప్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో చేసిన హాలు చూపిస్తాడు, మెంటర్ గోడ రంగు మార్చమంటారు, సోఫా కాస్త జరపమంటారు, గంట గడిచిపోతుంది. బొమ్మ అందంగా తయారవుతుంది. పని మాత్రం రాదు.

పని ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే ఒక్క డ్రాయరు చూస్తే చాలు. డ్రాయరు కూర్చునే బాక్సు బయటి వెడల్పు 600 మి.మీ. అనుకుందాం. రెండు పక్కలా 18 మి.మీ. ప్లైవుడ్ పోగా లోపల 564 మిగులుతుంది. డ్రాయరు జారే టెలిస్కోపిక్ చానెల్‌కు (లోహపు పట్టాలకు) ఒక్కో పక్క 13 చొప్పున 26 తీసేసి, డ్రాయరు వెడల్పు 538 అని విద్యార్థి రాస్తాడు. తీసివేత సరిగ్గానే ఉంది, కానీ బాక్సు లోపల అంటించే 1 మి.మీ. లామినేట్ (పైపొర రేకు) లెక్కలోకి రాలేదు. రెండు పక్కలా కలిపి 2 మి.మీ. తగ్గాలి, అంటే డ్రాయరు 536 ఉండాలి. 538కి కోస్తే చానెల్ బిగుసుకుపోతుంది, తీసిన ప్రతిసారీ ఒరుసుకుంటుంది, డ్రాయరును మెల్లగా మూసే సాఫ్ట్ క్లోజ్ చివరిదాకా లాక్కోదు. ఎంత మంచి రెండర్‌లోనైనా (నిజం ఫొటోలా తయారుచేసిన త్రీడీ బొమ్మలోనైనా) ఈ 2 మి.మీ. కనబడవు. ఏ ముక్క ఏ కొలతకు కోయాలో రాసిన కటింగ్ లిస్టు ముందు పెట్టుకుని లెక్క చెప్పించిన మెంటర్‌కే దొరుకుతాయి.

వార్డ్‌రోబ్ లోతు సంగతీ అంతే. 8×4 అడుగుల ప్లైవుడ్ షీటు వెడల్పు 48 అంగుళాలు కాబట్టి 24 అంగుళాల ముక్కలు రెండు వస్తాయనిపిస్తుంది. కటింగ్ బ్లేడు తన మందం కింద 3, 4 మి.మీ. తినేస్తుంది, రెండో ముక్క ఆ మేరకు పొట్టిపడుతుంది. అదే 600 మి.మీ. అని రాస్తే రెండు ముక్కలూ సునాయాసంగా వస్తాయి. ఇక్కడ ఇంకో చిక్కుంది. మిల్లీమీటర్లలో గీసిన డ్రాయింగ్ సైటుకు వెళ్లేసరికి అంగుళాల్లోకి, సూత్‌లలోకి మారుతుంది. అంగుళానికి 8 సూత్‌లు, సూత్ అంటే 3 మి.మీ. కన్నా కాస్త ఎక్కువ. 600ని కార్పెంటర్ ‘రెండడుగులు’ అని పట్టుకుంటే దాదాపు మూడు సూత్‌ల తేడా వచ్చేసినట్టే. ఈ రెండు భాషల మధ్య తడబడకుండా తిరగడం నేర్పించాలి.

అందుకే కాల్ సైటు నుంచే మొదలవ్వాలి. సైటు లేకపోతే విద్యార్థి పడకగదైనా సరే. గోడ వెడల్పును నేల దగ్గర, నడుం ఎత్తున, సీలింగ్ కింద మూడు చోట్ల కొలవాలి. ప్లాస్టరింగ్ ఎగుడుదిగుళ్ల వల్ల మూడూ ఒకేలా రావడం అరుదు. రెండు గోడల మధ్య కూర్చునే వార్డ్‌రోబ్‌కు వాటిలో చిన్న కొలత తీసుకుని, మిగిలిన సందుకు ఫిల్లర్ పట్టీ ఇవ్వాలి. గది మూలమట్టంలో ఉందో లేదో ఎదురెదురు మూలల మధ్య రెండు ఐమూల కొలతలూ తీసి పోల్చాలి. బీము ఎంత దిగింది, స్విచ్‌బోర్డు ఎక్కడుంది, కిటికీ రెక్క ఎటు తెరుచుకుంటుంది అన్నవి ఆ పూటే రాసుకోవాలి. టేపు కొనలో ఉన్న కొక్కెం కదులుతోందని, పాడైందనుకుని కొట్టి బిగించేవాళ్లున్నారు. అది తన మందమంతే కదలాలి. అంచుకు తగిలించి లాగినా, గోడకు ఆనించి నెట్టినా కొలత ఒకటే రావడానికే అలా చేస్తారు. కెమెరా టేపు మీద ఉంటేనే ఇలాంటి పొరపాటు మెంటర్ కంటపడుతుంది.

వారానికి ఒక కాల్, 45 నిమిషాలు, ఒక మెంటర్‌కు ఐదుగురికి మించకుండా ఉంటే బాగుంటుంది. ప్లాన్ 1:50 స్కేలులో (అసలు కొలతలో యాభయ్యో వంతుగా), డ్రాయరు వంటి వివరాలు 1:10లో, కటింగ్ లిస్టుతో కలిపి రెండు రోజుల ముందే పీడీఎఫ్ చేరాలి. ప్రతి షీటు మీదా రివిజన్ నంబరు, తేదీ తప్పనిసరి. వాట్సాప్‌లో ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’ అని తిరిగే ఫైళ్లలో కార్పెంటర్ పాతది ప్రింటు తీస్తే, కోసిన ప్లైవుడ్ మళ్లీ అతకదు.

తెర మీద తేలని విషయాలూ ఉన్నాయి. ఫోన్ కెమెరా రంగును తనకు తోచినట్టు సర్దేస్తుంది. పసుపు ఛాయ ఉండే 3000 కెల్విన్ వెలుగులో వెచ్చగా కనిపించే లామినేట్, తెల్లటి 6500 కెల్విన్ వెలుగులో పాలిపోయినట్టుంటుంది. రంగు మాట్లాడాలంటే ఒకే కోడ్ ఉన్న శాంపిల్ ముక్క ఇద్దరి చేతుల్లోనూ ఉండాలి.

కెమెరా ముందు పనిని వివరించడం ఈ వృత్తిలో నిజంగా అక్కరకొచ్చే విద్య. అమెరికాలోని డాలస్‌లో ఉంటూ హైదరాబాద్ కొండాపూర్‌లో ఫ్లాట్ చేయించుకునే తెలుగు కుటుంబం సైటుకు ఒకటి రెండుసార్లు రావడమే గొప్ప. మిగతాదంతా వీడియోలోనే నడవాలి. మెంటర్‌కు సైటును స్పష్టంగా చూపించడం అలవాటైన విద్యార్థి, రేపు ఆ క్లయింటుకూ చూపించగలడు.

మెంటర్‌ను ఎంచుకోవడంలోనూ జాగ్రత్త కావాలి. ఆర్కిటెక్ట్ అనే పేరుకు 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం రక్షణ ఇస్తోంది, ఇంటీరియర్ డిజైనర్‌కు అలాంటి చట్టబద్ధ రిజిస్ట్రేషన్ లేదు. ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, ఎవరైనా మెంటర్ అనిపించుకోవచ్చు. పూర్తయిన ఒక పనికి సంబంధించిన వర్కింగ్ డ్రాయింగులు (సైటులో పని చేయడానికి ఇచ్చే కొలతల డ్రాయింగులు), అదే చోట పని నడుస్తున్నప్పటి ఫొటోలు చూపించమని ముందే అడగాలి. నేర్పే పేరుతో తమ ప్రాజెక్టు డ్రాయింగులు ఉచితంగా గీయించుకోవడం అన్యాయం. అలాంటి పని ఉంటే షీటుకు ఇంత అని ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి, ఆ షీటు మీద విద్యార్థి పేరూ ఉండాలి.