అద్దాల గదికి ఎవరి అండ?

2025 డిసెంబరు 3న లోక్‌సభ, 4న రాజ్యసభ. సిగరెట్లపై ఎక్సైజ్ సుంకం పెంచే బిల్లు రెండు రోజుల్లో గట్టెక్కింది. వెయ్యి సిగరెట్లపై 11,000 రూపాయల దాకా వేసుకోవచ్చు. జీఎస్టీతో రాష్ట్రాలకు తగ్గిన రాబడి పూడ్చడానికి సిగరెట్ల వంటి వాటిపై వేసిన అదనపు పన్ను, అంటే పరిహార సెస్సు, పోయాక ఖజానాకు గండి పడకూడదు కదా, అందుకే ఆ ఆదరాబాదరా. వారం తిరిగేసరికి, 11న, అదే లోక్‌సభలో ఓ సభ్యుడు ఈ-సిగరెట్ పీలుస్తున్నారని మరో సభ్యుడు లేచి ఆరోపించారు. నిజమెంతో తేల్చడం స్పీకర్ పని. ఆ గొడవ అప్పట్లో టీవీల నిండా నడిచింది, మేం ఇంకా పెంచం. మా కోపం పొగ తాగే గదులు ఎత్తేస్తామంటూ వచ్చి, ఇన్నేళ్లుగా సభ గడప తొక్కని ఇంకో బిల్లు గురించి.

2003 నాటి కోట్పా (సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల కట్టడి) చట్టం ప్రకారం బహిరంగ ప్రదేశంలో పొగ తాగితే జరిమానా 200 రూపాయలకు మించదు. ఇరవై ఏళ్లు దాటినా ఆ అంకె అక్కడే ఉంది. 2021 జనవరిలో కేంద్ర ఆరోగ్య శాఖ ఒక సవరణ ముసాయిదా బయటపెట్టింది. జరిమానా 2,000 చేస్తామంది, హోటళ్లలో, రెస్టారెంట్లలో పొగ తాగే గదులు ఎత్తేస్తామంది. జనం అభిప్రాయాలు కూడా అడిగింది. ఆ తర్వాత అటకెక్కించింది. డబ్బులొచ్చే బిల్లుకు రెండు రోజులు సరిపోయాయి. ఊపిరితిత్తుల బిల్లుకు ఇన్నేళ్లయినా తీరిక దొరకలేదు.

ఆ గదుల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 2008 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఆఫీసు, సినిమా హాలు, షాపింగ్ మాల్, క్యాంటీన్, రైల్వే స్టేషన్, బస్టాండు అన్నీ పొగ నిషేధ ప్రాంతాలే. మినహాయింపు మూడింటికే: 30 గదులు, ఆపైన ఉన్న హోటల్, 30 మంది, ఆపైన కూర్చోగల రెస్టారెంట్, విమానాశ్రయం. బస్టాండులో బీడీ ముట్టించిన కూలీ నేరస్థుడు. విమానాశ్రయంలో సిగరెట్ వెలిగించిన పెద్దమనిషికి మాత్రం అద్దాల గది, చేతికందేలా యాష్‌ట్రే. ఇరవై కుర్చీల మెస్సులో తప్పయిన పని పక్క వీధి పెద్ద రెస్టారెంటులో సౌకర్యం ఎలా అవుతుంది? పొగకు కుర్చీలు లెక్కపెట్టడం వచ్చా?

గదికి నాలుగు పక్కలా నిండు గోడలుండాలి, తలుపు దానంతటదే మూసుకోవాలి, లోపలి గాలిని ఫ్యాన్లు బయటికి లాగేయాలి అని నిబంధన. కాగితం మీద బాగానే ఉంది. తలుపు తెరిచిన ప్రతిసారీ పొగ బయటికొస్తుంది, అంతకన్నా ముఖ్యం, ఆ యాష్‌ట్రేలు ఖాళీ చేయడానికి ఎవరో ఒకరు లోపలికి వెళ్లాలి. 2017లో అలాంటి గదుల్లో ఎలాంటి సర్వీసూ చేయకూడదని నిబంధన సవరించారు. ప్లేటు లోపలికి పోదు, చీపురు పోతుంది. 2016-17 జాతీయ సర్వేలో, నాలుగు గోడల మధ్య ఉద్యోగాలు చేసే పెద్దల్లో 30.2 శాతం మంది పనిచేసే చోటే ఇతరుల పొగ పీలుస్తున్నామని చెప్పారు. ఐర్లాండు 2004 మార్చిలోనే పబ్బులతో సహా పనిచేసే దాదాపు ప్రతి మూసిన చోటా పొగను ఆపేసింది. గ్లాసులు అందించే మనిషి ఆరోగ్యం కోసమే ఈ చట్టమని చెప్పి మరీ చేసింది.

వ్యాపారం పడిపోతుందని రెస్టారెంట్ల వాళ్లు, పంట ఏమవుతుందోనని పొగాకు రైతులు అంటున్నారు. రైతు టెన్షన్ నిజమే. కానీ ఒంగోలు, కొండపి పొగాకు వేలం కేంద్రాల్లో ధర నిర్ణయించేది బంజారాహిల్స్ హోటల్లోని అద్దాల గది కాదని రైతుకూ తెలుసు.

ఢిల్లీ మీద నెపం వేసి మన రాష్ట్రాలు తప్పించుకోవడానికీ లేదు. కర్ణాటక సొంతంగా సవరించుకుని జరిమానా 1,000 రూపాయలు చేసింది. తెలంగాణ శాసనసభ 2024 ఫిబ్రవరిలో హుక్కా పార్లర్లను చర్చ కూడా లేకుండా నిషేధించింది. హుక్కా మీద చూపిన ఆ పౌరుషం పెద్ద హోటళ్ల స్మోకింగ్ రూముల దగ్గరికొచ్చేసరికి ఏమైంది? ఆంధ్రప్రదేశ్ సంగతి అడగకపోవడమే మంచిది.

చేతిలో ఉన్న చట్టాన్నయినా వాడుతున్నారా? పోస్టుమాస్టరు, హెడ్‌మాస్టరు, లైబ్రేరియన్ కూడా తమ ఆవరణలో జరిమానా వేయొచ్చు. ఎంతమందికి ఈ సంగతి తెలుసు? గుమ్మం దగ్గర పెట్టే బోర్డు మీద ఫిర్యాదు ఎవరికి చేయాలో పేరు రాయాలి. మా ఆఫీసు మెట్ల దగ్గరి బోర్డులోనే ఆ గడి ఖాళీగా ఉంది. ఈ సంపాదకీయం రాస్తుంటే చూసుకున్నాం, సిగ్గేసింది. రేపు నింపుతాం.

ఆ సమావేశాలు డిసెంబరు 19న ముగిశాయి. సుంకం బిల్లుకు సరేనన్న మన ఎంపీల్లో ఒక్కరైనా ఇకనైనా లేచి, 2021 ముసాయిదా ఏమైందని అడగాలి. ఎవరిని కలవాలో, ఎలా అడగాలో తెలియదని మాత్రం చెప్పొద్దు. 2015లో పార్లమెంటు భవనంలో పొగ తాగే గది మూసేసినప్పుడు, తిరిగి తెరవమని స్పీకర్ దగ్గరికి వెళ్లింది ఎంపీలే.